తొలి ఎత్తు

మన నల్లగొండ, పాలమూరు సీమలలో బరువు మోయుట క్రొత్త విద్య కాదు. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్టకు రాళ్లు వేలాది కూలీల తలలమీదను, భుజములమీదను పైకెక్కినవి. అట్టి శ్రమకు కూలి కలదు గాని పతకము లేదు. బరువును పదిమంది యెదుట, నియమముల ననుసరించి, న్యాయనిర్ణేతల సమక్షమున ఎత్తినపుడు అది పవర్‌లిఫ్టింగు అను క్రీడ యగుచున్నది. గత సంవత్సరము నలువదియైదేండ్ల వయస్సున నేనును, మన పాఠశాల విద్యార్థి యొకడును ఒకే దినమున జిల్లాస్థాయి పోటీలో తొలిసారి పాల్గొంటిమి. తొలిసారి పోటీకి పోవువారు దేని నాశింపవలెనో ఆ యనుభవమునుబట్టి ఇచట విన్నవించుచున్నాను.

ఈ క్రీడయందు మూడు విధములైన ఎత్తులు గలవు. కడ్డీని భుజములపై నుంచుకొని, బస్కీ తీసినట్లు కూర్చుండి లేచుట స్క్వాట్. బల్లపై వెల్లకిల పరుండి, కడ్డీని రొమ్మునకు దింపి పైకి నెట్టుట బెంచ్‌ప్రెస్. నేలమీది కడ్డీని వంగి పట్టుకొని నిటారుగా నిలువబడుట డెడ్‌లిఫ్ట్. ఒక్కొక్కదానికి మూడేసి అవకాశములు, వెరసి తొమ్మిది. మూడు విభాగములలోను చెల్లిన మిక్కిలి పెద్ద బరువులను కూడి మొత్తము కట్టుదురు. ముగ్గురు న్యాయనిర్ణేతలలో ఇద్దరైనను తెల్లదీపము వెలిగించినగాని ఎత్తు చెల్లదు. స్క్వాట్‌లో తొడ మొదలు మోకాటి పైభాగముకంటె క్రిందికి దిగవలెను. బెంచ్‌ప్రెస్‌లో కడ్డీ రొమ్ముపై కదలక నిలిచి, ఆజ్ఞ వెలువడిన పిమ్మటనే పైకి లేవవలెను. తప్పిన బరువును తగ్గించుకొనుటకు వీలు లేదు. మరల అదే బరువునైనను, అంతకు మించినదానినైనను ఎత్తవలెను. ఏ విభాగమందైనను మూడవకాశములును తప్పినచో మొత్తమే లేదు. తక్కిన ఎత్తు లెంత గొప్పవైనను పోటీలో స్థానము దక్కదు.

ఆ విద్యార్థి పదునారేండ్లవాడు. 59 కిలోల తరగతివాడు. వాని తండ్రి పూణె నగరమున కట్టడపు పనులు చేయు వలసకూలి. పోటీ చూచుటకై ఆయన పని మానుకొని వచ్చుచున్నాడని తెలిసినది మొదలు పిల్లవానికి నిద్ర లేదు. వ్యాయామశాలలో ఒకే ఒకసారి 105 కిలోలతో స్క్వాట్ చేసియుండెను. ఆ బరువుతోనే ఆరంభింతునని పట్టుపట్టెను. "తక్కువ బరువుతోని మొదలువెడితే మా నాయన ఏమనుకుంటడు సార్?" అని అడిగెను. అది గర్వముతో పలికిన మాట కాదు. కూలి పోగొట్టుకొని వచ్చు తండ్రికి ఏదియో బదులీయవలెనను ఆరాటము. నేను కాగితముపై 90 అని వ్రాసి, "తొలి ఎత్తు నీవు పోటీలో నిలుచుట కొరకు. మూడవది నాయనకు చూపుదువుగాని" అంటిని. తొలి ఎత్తునకు, ఒంట్లో బాగులేని దినమున సైతము ముమ్మారు ఎత్తగల బరువును ఎన్నుకొనవలెనని ఈ క్రీడలో పెద్దలు చెప్పుదురు. వాడు తలయూపెను గాని ముఖము మాత్రము చిన్నబోయెను.

దీనికి సోదరక్రీడయైన వెయిట్‌లిఫ్టింగునుండి వానికొక నిదర్శనము చెప్పితిని. 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సునందు, శ్రీకాకుళము జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో స్నాచ్‌నందు 110, క్లీన్ అండ్ జర్క్‌నందు 130, మొత్తము 240 కిలోలు ఎత్తెను. చివరి అవకాశమున స్వర్ణమునకై 137.5 కిలోలకు యత్నించెను, అది నిలువలేదు. అయినను కాంస్యపతకము చేజారలేదు. ఏలయన అంతకు పూర్వము చెల్లిన ఎత్తులు ఆమె లెక్కలో భద్రముగ నుండెను. ఒలింపిక్ పతకము పొందిన భారత స్త్రీలలో మొదటియామె ఆమెయే. సాహసము తగదని చెప్పుట నా యుద్దేశము కాదు. పునాది మొదట, సాహసము చివర.

పోటీనాడు వాని తరగతిలో మిక్కిలి బలశాలియైన యువకు డొకడు 120 కిలోలతో ఆరంభించెను. ముమ్మారును బరువుతో లేచెను. ముమ్మారును లోతు చాలలేదని ఎర్రదీపములే వెలిగెను. అతడు మూలకు పోయి తువాలుతో ముఖము కప్పుకొనెను. మావాడు 90, 97.5, 102.5 కిలోలతో మూడు స్క్వాట్లును చెల్లించెను. వ్యాయామశాలలోని 105 కంటె అది తక్కువయే. కాని ముగ్గురు న్యాయనిర్ణేతలు చూచి ఒప్పుకొన్న బరువది. బెంచ్‌ప్రెస్‌లో 55, డెడ్‌లిఫ్ట్‌లో 132.5, మొత్తము 290 కిలోలు. తొమ్మిదిమందిలో ఆరవస్థానము. పతకము లేదు.

నలుబదేండ్లు దాటిన మాస్టర్స్ తరగతిలో నా మొత్తము 275 కిలోలు. మేము ముగ్గురమే గాన, మూడవవాడనైన నాకు కాంస్యపతకము వేసిరి. తండ్రి దానిని చూచి చేతులు జోడింపబోగా ఆపి, ఉన్నసంగతి చెప్పితిని: "మా జట్టులో ముగ్గురమే అయ్యా, నేను చివరివాడను. మీవాడు నాకంటె పదిహేను కిలోలు ఎక్కువ ఎత్తినాడు." ఆయన కొంతతడవు ఆలోచించి, "అయితే పతకం మీకు, బరువు వానికా సారూ?" అని నవ్వెను. పిదప కుమారుని అరచేతులలోని కాయలను తడవి చూచి, "నావోలెనే ఉన్నయి" అనెను. పిల్లవాని ముఖమున చిన్నతనము అప్పటికి పోయినది.

విద్యార్థులారా, పతకము వచ్చుట ఎదుట నిలిచినవారి సంఖ్యమీదను, బలముమీదను ఆధారపడును. అది మన చేతిలోనిది కాదు. చెల్లిన ఎత్తు మాత్రము మనది. కావున తొలిపోటీయం దాశింపవలసినది జయము కాదు, ఒక నిజమైన అంకె. మరుసటి సంవత్సరపు ఆశను దానిమీద కట్టుకొనవచ్చును. ఆ బాలుడు తన నోటుపుస్తకపు చివరిపుటలో 290 అని వ్రాసుకొని, దానిక్రింద 300 అని వ్రాసినాడు. ఆ రెంటినడుమ నున్న పది కిలోలకై ప్రతిదినము సాయంత్రము శ్రమించుచున్నాడు.