చివరి ఎత్తుల్లో తొందర

కొండగట్టు అనగానే అందరికీ అంజన్న గుడి గుర్తుకొస్తుంది. మాకు మాత్రం ఆ గుట్ట కింద ఒక హాలులో జరిగిన చదరంగం పోటీ, అందులో మా బడి పిల్ల వేసిన ఒక్క ఎత్తు గుర్తుకొస్తాయి.

మేము ఉట్నూరు వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెప్పేవాళ్లం. మేమూ గోండులమే. బడిలో ఉన్నవి రెండే చదరంగం బోర్డులు. రాత్రి భోజనాలయ్యాక పిల్లలు వరండాలో కూర్చుని ఆడేవాళ్లు. ఒక్క ఆట గంటన్నర సాగినా అడిగేవాళ్లు లేరు. ఆట గడియారం అనేది ఒకటుంటుందని పిల్లలకు తెలియదు. మాకు తెలిసినా కొనలేదు.

ఆ రోజు నలుగురు పిల్లలతో తెల్లవారుజామున బస్సెక్కాం. జన్నారం, లక్సెట్టిపేట మీదుగా గోదావరి దాటి, ధర్మపురి, జగిత్యాల మీదుగా కొండగట్టు చేరాం. హాలులో ప్రతి బల్ల మీదా ఒక గడియారం ఉంది. ఒక్కొక్కరికి 20 నిమిషాలు. ఎత్తు వేయగానే మీట నొక్కాలి. నొక్కడం మరిచిపోయి మా పిల్లలు మొదటి ఆటలో ఇద్దరు ఓడారు. తర్వాత తేరుకున్నారు.

చివరి రౌండులో మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఆట మిగిలింది. ఎదుటి అబ్బాయికి రాజు ఒక్కటే ఉంది. ఈమెకు రాజూ, మంత్రీ ఉన్నాయి. గడియారంలో ఇంకా 40 సెకన్లు ఉన్నాయి. మేము తాడు అవతల నిలబడి ఉన్నాం. ఆమె తలెత్తి ఒక్కసారి మావైపు చూసింది. మేము చేతి గడియారం మీద వేలితో తట్టి చూపించాం. ఆడేవాళ్లకు సైగ చేయకూడదన్న సంగతి కూడా మాకు ఆ క్షణం గుర్తుకు రాలేదు.

ఆమె గబగబా నాలుగు ఎత్తులు వేసింది. ఎదుటి రాజు మూల గడిలోకి వెళ్లాడు. ఆమె మంత్రిని దగ్గరికి తెచ్చి పెట్టి మీట నొక్కింది. రాజుకు షా లేదు, కదలడానికి గడీ లేదు. స్టేల్‌మేట్. ఆట డ్రా. ఆ అర పాయింటుతో పై పోటీకి వెళ్లే అవకాశం పోయింది.

తిరుగు బస్సులో గోదావరి దాటేదాకా ఆమె మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "టైం అయిపోతే ఓడిపోత అనుకున్న సార్. మీరు గూడ అదే చూపించిన్రు గద?"

మా దగ్గర జవాబు లేదు. బడికి వచ్చాక నియమాల పుస్తకం సంపాదించి చదివాం. ఫిడే నియమం స్పష్టంగా ఉంది. మన సమయం అయిపోయినా, ఎదుటివాడి దగ్గర ఒంటరి రాజే ఉంటే మనం ఓడినట్టు కాదు, ఆట డ్రా. అంటే ఆ పిల్ల ఓడే మార్గమే లేదు. లేని ఓటమికి భయపడింది. ఆ భయం పెట్టింది మేమే.

ఇంకో సంగతి కూడా తెలిసింది. రాజు, మంత్రి ఉన్నవాళ్లు సరిగ్గా ఆడితే ఒంటరి రాజును కట్టేయడానికి పది ఎత్తులకు మించి పట్టదు. దారి తెలిసిన చేతికి 40 సెకన్లు చాలు. మేమేమో నాలుగు ఎత్తుల్లో ఆట కట్టించే చిట్కాలు నేర్పాం. మొదలు నేర్పాం, ముగింపు నేర్పలేదు.

ఈ తప్పు మా పిల్ల ఒక్కతే చేసింది కాదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోనూ, 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్. అంటే తక్కువ సమయపు ఆటలో ఆరితేరిన మనిషి. అయినా 2025 జులైలో జార్జియా దేశంలోని బతుమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌లో దివ్య దేశ్‌ముఖ్‌తో ఆడినప్పుడు, రెండో ర్యాపిడ్ ఆట చివర సమయం తరిగిపోయిన వేళ ఆమె చేయి తడబడింది. కప్పు 19 ఏళ్ల దివ్యకు దక్కింది. అంతకుముందు 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో, చెన్నైలోని తెలుగు కుటుంబపు అబ్బాయి గుకేశ్ చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌తో ప్రపంచ కిరీటం కోసం 14వ ఆట ఆడుతున్నాడు. డింగ్‌కు ఒక బంటు తక్కువ, గడియారంలో సమయమూ గుకేశ్ కంటే బాగా తక్కువ. అయినా డ్రా చేసుకోగల ఆట. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. గుకేశ్ ఏనుగులనూ శకటాలనూ మార్చుకుని, ఆటను వట్టి బంట్లలోకి దించి గెలిచాడు. కొన్ని గంటలు నిలబెట్టుకున్న ఆట ఒక్క ఎత్తుతో చేజారింది.

ఇప్పుడు మేము చదరంగం చివరి నుంచి మొదలుపెడుతున్నాం. ముందు రాజు, మంత్రి. మంత్రిని ఎదుటి రాజుకు గుర్రం అడుగంత దూరంలో ఉంచాలి. రాజు ఎటు జరిగితే మంత్రి అటే జరగాలి. అలా అంచుకు తోలాలి. రాజు మూలలోకి దూరగానే మాత్రం మంత్రి వెంటపడకూడదు. గుర్రం అడుగు దూరంలో పెడితే అదే స్టేల్‌మేట్. మంత్రిని ఉన్నచోటే ఆపి, మన రాజును నడిపించుకు రావాలి. ఇది వచ్చాక రాజు, బంటు. రెండు రాజులు మధ్యలో ఒక్క గడి వదిలి ఎదురెదురుగా నిలబడితే, ఎత్తు వేయాల్సిన వాడే దారి ఇవ్వాలి. ఈ రెండూ చేతికి అలవాటైతే గడియారాన్ని చూసి గుండె అదరదు. డబ్బులు పోగేసి ఒక ఆట గడియారం కూడా కొన్నాం.

తోటి ఉపాధ్యాయులకు ఇంకొక మాట. పరీక్ష గదిలో కూడా మనం తిరుగుతూ "టైం అయిపోతోంది, తొందరగా" అంటుంటాం. ఇంట్లో గోండి మాట్లాడే పిల్ల తెలుగు ప్రశ్నను రెండుసార్లు చదవాలి. ఆ రెండోసారి చదవడాన్ని మన మాట మింగేస్తుంది. "ఆలస్యం అమృతం విషం" అనే సామెత, "నిదానమే ప్రధానం" అనే సామెత రెండూ తెలుగులోనే ఉన్నాయి. ఏది ఎప్పుడు వాడాలో పిల్లకు ముందే నేర్పాలి. పరీక్ష నడుస్తుండగా కాదు.

ఆ అమ్మాయి మూడు వారాలు బోర్డు ముట్టలేదు. ఒక రాత్రి వరండాలో ఐదో తరగతి పిల్లవాడు మంత్రితో ఒంటరి రాజును తరుముతుంటే వచ్చి పక్కన కూర్చుంది. రాజు మూలలోకి వెళ్లాడు. వాడు మంత్రిని ఎత్తాడు. ఆమె వాడి చేయి పట్టి ఆపి, గోండిలో ఏదో మెల్లగా చెప్పింది. వాడు మంత్రిని దించి, తన రాజు మీద వేలు పెట్టాడు.

మేము దూరం నుంచి చూస్తూ నిలబడ్డాం. ఈసారి ఏ సైగా చేయలేదు.