రాతి రాక్షసుని రూపకల్పన

రాక్షసుడనగానే తెలుగువారి కన్నుల ముందు కోరమీసాలు, కోరలు, భుజాన గద మెదలుతాయి. ఇంట్లో ఉర్దూ కథలు వింటూ, బడిలో తెలుగు చదువుతూ పెరిగిన మా వంటి వారికి, వానితోపాటు కొమ్ములు, కాళ్లకు అందెలు, ఒంటినిండా మచ్చలు గల 'దేవ్' కూడా మెదలుతాడు. అక్బరు పాదుషా ఆజ్ఞపై సుమారు 1562 నుండి పదిహేనేళ్లపాటు వస్త్రంపై చిత్రింపబడిన 'హమ్జానామా'లో ఇట్టి దేవ్‌లు పలువురున్నారు. దాదాపు 1,400 చిత్రాలలో నేటికి మిగిలినవి రెండు వందల లోపే. 1947లో ఆరంభమైన 'చందమామ'లో చిత్రా, శంకర్ వంటి చిత్రకారులు గీసిన భూతాలది మరొక వంశం. ఈ రెండు వంశాలకూ చెందని రాక్షసుని ఒకనిని స్వయంగా కల్పించి గీయాలని నాకు చిరకాలంగా కోరిక.

వానిని రాతితో చేయదలచాను. హైదరాబాదులో పుట్టి పెరిగినవానికి ఇందుకు వేరే కారణం అక్కరలేదు. మౌలాలి గుట్టపైన నిలిచి చూసినా, గోలకొండ కోట గోడల నడుమ చూసినా గుండుపై గుండు పేర్చినట్లే కనిపిస్తుంది. వాటిని ఎవరూ పేర్చలేదు. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు అది. భూమి లోపల ఉన్నప్పుడే పగుళ్ల వెంట నీరు దిగి, మూలలను తినివేసి, బండలను గుండ్రన చేసింది. పైనున్న మన్ను కొట్టుకొనిపోయాక అవి ఉన్నచోటనే బయటపడి నిలిచాయి. కనుక నా రాక్షసునికి ముక్కు, కనుబొమలు, కండలు పెట్టలేదు. ఉలితో చెక్కిన ముఖం పెడితే వాడు లేచి నడిచే విగ్రహమవుతాడే గాని, రాయి కాడు.

పగులు ఉన్నచోటనే కీలు అనే నియమం పెట్టుకున్నాను. ఒకటిన్నర మీటరు వ్యాసం గల గ్రానైటు గుండు నాలుగున్నర టన్నుల పైచిలుకు తూగుతుంది. అట్టి గుండ్లు అయిదారు కలిసిన దేహం గంతులు వేయడం పొసగదు. అందుచేత వానిని గొంతుకూర్చుని ఉన్నట్లుగా గీశాను. పాదం కింద నేల కొద్దిగా కుంగి ఉంటుంది. చేయి భుజం దాటి పైకి లేవదు. చూసేవాడు మొదట గుట్ట అనుకొని కన్ను మరల్చి, పిదప ఉలిక్కిపడి మళ్లీ చూడాలి. అరచే రాక్షసుని కంటె ఇట్టివాడే నాకు ఎక్కువ భయంకరుడుగా తోస్తాడు.

మా దాదీ చెప్పిన దేవ్ ప్రాణమూ, బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరు ప్రాణమూ చిలుకలోనే ఉంటాయి. నా వాని ప్రాణాన్ని కాలి కింద ఇరుక్కున్న చిన్న ఊతరాతిలో పెట్టాను. దానిని లాగివేస్తే పైనున్నదంతా దొర్లిపోతుంది.

నోటి విషయంలో చాలాకాలం తేలలేదు. మా బస్తీ వెనుక ఒక పెద్ద గుండు ఉండేది. రాయి చీల్చేవారు వరుసగా గుంటలు తీసి, వాటిలో ఇనుప చీలలు బిగించి, సమ్మెటతో కొడతారు. ఆ వరుస వెంట రాయి రెండుగా విడిపోతుంది. ఆ గుండుపై గుంటలు తీసి, ఏ కారణం చేతనో విడిచిపెట్టారు. సాయంకాలపు ఏటవాలు ఎండలో అవి పళ్లవరుసలాగా కనిపించేవి. అదే వాని నోరయింది. వాని ఒంటిపై మనిషి చేసిన పని అదొక్కటే.

నల్ల సిరా, సన్నని పాళీ, చుక్కలు — ఇంతే సామగ్రి. గ్రానైటుకు గీతల కంటె చుక్కలే నప్పుతాయి. దగ్గరగా చూస్తే ఆ రాయి కూడా తెలుపు, నలుపు, గులాబి రేణువుల కూర్పే కదా! ఉల్లిపొరల వలె ఊడే పైపెచ్చులను మాత్రం గీతలతో చూపాను. రాతిపై పెరిగే బూడిదరంగు నాచుమచ్చలు పాత దేవ్‌ల మచ్చలకు నేను చేసిన సలాము.

పేరు పెట్టినవాడు ఉర్దూ శాఖలోని నా మిత్రుడు: 'సంగ్‌దేవ్'. ఫారసీలో సంగ్ అంటే రాయి. "సంగ్‌దిల్ అనే మాట ఉంది కదా భాయ్, దయలేనివాడని అర్థం కూడా వస్తుంది" అన్నాడు. తెలుగులోనూ రాతిగుండె అంటామని చెప్పాను గాని, రాతిపై ఈ నింద ఎందుకు పడిందో మా ఇరువురికీ బోధపడలేదు. పేరు మాత్రం నిలిచింది.

ఎడమవైపు నీడలను సరిచూసుకొనడానికి మూడవసారి వెళ్లేసరికి ఆ గుండు లేదు. అదే వరుస వెంట చీల్చి, పక్కన లేస్తున్న ఇంటి పునాదికి వేశారు. ఊతరాయి మాత్రం మట్టిలో పడి ఉంది. దానిని తెచ్చి బల్లపై ఉంచుకున్నాను. "కల్పిత రాక్షసుడే కదా, ఎడమవైపు ఊహించి గీయి, ఎవరు తనిఖీ చేస్తారు?" అన్నాడు మిత్రుడు. నాకు చేయి రాలేదు. ఆ భాగంలో చుక్కలు క్రమంగా పలుచబడి కాగితపు తెలుపులో కలిసిపోతాయి.

సంపాదకవర్గంవారు దయతో ఈ చిత్రానికి ఎదుటి పుటలో చోటిచ్చారు. అచ్చులో సిరా అలుక్కుపోకుంటే పాఠకులు నోటిలోని గుంటలను లెక్కించవచ్చు. ఏడు ఉన్నాయి.