అతుకుల బొంత

'అతుకుల బొంత' అన్న మాటను తెలుగువారు ఎక్కువగా నిందార్థంలోనే వాడుతారు. పొందిక లేని రచనను, నిలకడ లేని కూటమిని, తలా ఒక దారి అయిన సంసారాన్ని అతుకుల బొంత అని తీసిపారవేస్తారు. బొంత కుట్టే చేతులను దగ్గరగా చూసినవారు మాత్రం ఆ మాటను అంత తేలికగా అనలేరు.

చినిగిన గుడ్డను పారవేయక మరొక దానికి జతచేసి వాడుకోవడం ఈ దేశంలో ప్రాచీనమైన అలవాటు. సంస్కృతంలో 'కంథ' అంటే బొంతయే. వంగదేశంలో కాంథా, బీహారులో సుజని, మహారాష్ట్రలో గోధడి, కర్ణాటకలో కౌది అన్నవి దాని తోబుట్టువులు. మగధలోని వరిమళ్ళను, వాటి గట్లను ఆనందునికి చూపి, భిక్షువుల చీవరాలను ఆ తీరున ముక్కలు కూర్చి కుట్టించవలసినదని బుద్ధుడు చెప్పినట్లు వినయపిటకం తెలుపుతున్నది. పొలం గట్టువలెనే మన బొంతలలోనూ అతుకు సాధారణంగా తిన్నగా సాగుతుంది. రెండు తిన్నని అంచులను కలపడం కష్టం కాదు. వంపు తిరిగిన అంచులను కలపడంలోనే నేర్పు తెలుస్తుంది.

శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లెలో డెబ్బై యేళ్ళు దాటిన ఒక వృద్ధురాలు ఉన్నది. కాలిమిషను మీద ఊరందరికీ రవికలు కుట్టి బిడ్డలను పెంచిన తల్లి ఆమె. మనుమరాలు డిగ్రీ చదువు కోసం విశాఖపట్నం వెళ్ళబోతున్నదని తెలిసి, బొంత కుట్టి ఇస్తానన్నది.

"హాస్టల్లో అందరూ నవ్వుతారు అమ్మమ్మా!" అన్నది ఆ పిల్ల.

ముసలమ్మ మారుమాట్లాడలేదు. ఆ మౌనం పిల్లను బాధించినట్లున్నది. రెండు రోజుల తరువాత, అమెరికాలో ఉన్న మేనత్త పంపిన పుస్తకం ఒకటి తెచ్చి ముందు పెట్టింది. అందులో చతురస్రపు గుడ్డ మూలలో పాదవృత్తాన్ని అతికే పద్ధతి ఉన్నది. నాలుగు చతురస్రాలను చేర్చితే నిండు వృత్తం వస్తుంది. వాటినే అటూ ఇటూ తిప్పి పేర్చితే తూలుతూ సాగే బాట వంటి అల్లిక వస్తుంది. ఆ దేశంలో దానిని 'డ్రంకర్డ్స్ పాత్', అనగా తాగుబోతు దారి అంటారు.

"మనకు ఆ దారి ఎందుకు తల్లీ! చందమామలే కుట్టుకుందాం" అని అమ్మమ్మ నవ్వింది.

చందమామలకు పాత చీరలు చాలినన్ని ఉన్నాయి. వాటి చుట్టూ పరచడానికి తెల్లని గుడ్డ కావాలి. ఇంట్లో ఉన్న మంచి తెల్లగుడ్డ ఒక్కటే. అది మూడేళ్ళ క్రితం కాలంచేసిన తాతయ్య పొందూరు ఖద్దరు పంచె. ఏటా సంక్రాంతికి ముందు ఆమె దానిని ఎండకు వేసి, మడతపెట్టి, మళ్ళీ పెట్టెలో దాచుతుంది. పిల్ల దాని వైపు చూడగానే, "ఒకసారి కత్తెర పడితే అది మళ్ళీ పంచె కాదు కదమ్మా" అన్నది. ఆ ప్రసక్తి అంతటితో ఆగిపోయింది.

ముందుగా పాత దుప్పటి ముక్క మీద ప్రయత్నం సాగింది. కుట్టు 4 అంగుళాల వ్యాసార్ధం మీద పడాలి. కుట్టు లోపలికి పోయేందుకు ఇరువైపులా పావు అంగుళం విడవాలి. అందువల్ల వెలుపలికి ఉబ్బిన ముక్కను 4.25 అంగుళాల వ్యాసార్ధంతోను, లోపలికి వంగిన ముక్కను 3.75 అంగుళాల వ్యాసార్ధంతోను పిల్ల కత్తిరించింది. రెండింటినీ ఒకదానిపై ఒకటి పెట్టి చూస్తే అంచులు ఏమాత్రం పొసగలేదు. దారంతో కొలిస్తే ఒక అంచు సుమారు 6.7 అంగుళాలు, రెండవది 5.9 అంగుళాలు. లాగి కుట్టింది. గుడ్డ మధ్యలో ముడతలు లేచాయి.

"కొలత తప్పింది అమ్మమ్మా!"

కొలత తప్పలేదు. కుట్టు పడవలసిన గీత రెండు ముక్కలలోనూ 6.3 అంగుళాలే. సరిగా కత్తిరించిన ముక్కలు కూడా పొసగనట్లు కనిపించడం ఈ పనిలోని వింత. చూపు మందగించిన అమ్మమ్మ ఆ అంచులను వేళ్ళతో తడిమి, "ఇది రవికకు చెయ్యి అతికించడం వంటిదే. చంక దగ్గర నేను చేసిన పని ఇదే కదా!" అన్నది.

ఆమె రెండు ముక్కలనూ సగానికి మడిచి నడిమి గుర్తు పెట్టింది. మొదట నడుములను, తరువాత కొసలను, ఆ పిమ్మట మధ్య భాగాలను గుండుసూదులతో కలిపింది. లోపలికి వంగిన అంచుకు, కుట్టు గీతను తాకకుండా, చిన్న చిన్న గాట్లు పెట్టింది. ఆ ముక్కను పైకి ఉంచి మెల్లగా కుట్టుకుంటూ పోయింది.

"లాగితే సాగిపోతుంది తల్లీ. వంపు నడుమ పోగు ఏటవాలుగా ఉంటుంది, దానికి బలం తక్కువ. చేత్తో సర్దితే తానే ఒదుగుతుంది."

ముక్క విప్పి చూస్తే ముడత లేదు. పిల్ల దానిని చాలాసేపు అరచేతిలో పెట్టుకొని చూసింది.

మరునాడు ఉదయం పంచె పెట్టెలో లేదు, చాప మీద ఉన్నది. మొదటి కత్తిరింపు అమ్మమ్మే వేసింది. ఆ తరువాత కత్తెరను మనుమరాలి చేతికిచ్చి కొంతసేపు పెరటిలోకి వెళ్ళిపోయింది.

అడ్డం 8, నిలువు 12, మొత్తం 96 చతురస్రాలు; 24 చందమామలు; 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. అడుగున మూడు పాత చీరల పొరలు పరచి, కచ్చాకుట్టుతో నిలిపి, వరుస వరుసగా చేతి కుట్టు వేశారు. పిల్ల మొదట కుట్టిన చందమామలలో ఒకదానిలో ముడత మిగిలిపోయింది. విప్పుతానంటే అమ్మమ్మ ఒప్పుకోలేదు. "ఉండనీ, నీవు ఎక్కడ మొదలుపెట్టావో తెలియాలి కదా!" అన్నది. పంచె అంచు పేలిక మాత్రం ఎందులోనూ కలపలేదు. దానిని చుట్టి తిరిగి పెట్టెలో పెట్టుకున్నది.

జూలై నెలలో ఆ బొంత విశాఖపట్నం చేరింది. హాస్టలులో ఎవరైనా నవ్వారో లేదో పిల్ల ఇంటికి చెప్పలేదు. దసరా సెలవులకు వచ్చినప్పుడు మాత్రం బొంతను వెంట తెచ్చుకున్నది. ఒకచోట కుట్టు వదిలితే సూదిలో దారం తానే ఎక్కించి, అమ్మమ్మ పక్కన కూర్చున్నది.

'గంతకు తగ్గ బొంత' అని సామెత. తగినవి తగినవాటితో చేరడంలో గొప్ప లేదు. అంచులు కలవని రెంటిని, ఏదీ చినగకుండా, ఒకదానికి కాస్త గాటు పడినా ఓర్చుకొనేటట్లు కూర్చడమే నేర్పు. ఇళ్ళలో తరాల మధ్య జరగవలసిన పని కూడా అదే. అతుకుల బొంత అని ఒకరిని ఆక్షేపించే ముందు, ఆ అతుకు వేసిన చేతులను ఒకసారి తలచుకోవడం మంచిది.