తొమ్మిది వందల గ్రాముల రోగి

విద్యార్థి సంఘం వారు "పూర్వ విద్యార్థిగా మన సంచికకి ఏదైనా రాయండి సార్" అని అడిగితే, కాలేజీ రోజుల జ్ఞాపకాలేవో నాలుగు రాసి పంపేద్దామనుకున్నాను. కేంటీను టీ, హాస్టలు సాంబారు, ఎన్నికల గోల... ఇవి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. తీరా కలం పట్టుకు కూర్చుంటే అవేవీ రాలేదు. కిందటేడు మా ఇంట్లో ఏడు వారాలపాటు వైద్యం చేయించుకున్న ఒక రోగి గుర్తుకొచ్చింది. ఆ రోగి బరువు సుమారు తొమ్మిది వందల గ్రాములు. పేరు బొబ్బట్టు. జాతి గినీపిగ్గు.

నవ్వకండి. మొదట్లో నేనూ నవ్వినవాణ్ణే.

మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా, ఎవరో స్నేహితురాలి ఇంట్లో పుట్టిన పిల్లని అట్టపెట్టెలో పెట్టుకుని తెచ్చింది. బెల్లం రంగు, గుండ్రటి ఒళ్ళు. అందుకని బొబ్బట్టు అని పేరు పెట్టింది. మా ఆవిడ మాత్రం "ఎలకకి పేరేమిటే!" అని ఆ గదిలోకి వెళ్ళడం మానేసింది. పేరులో పంది ఉన్నా ఇది పంది కాదు. గినీ దేశానిదీ కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల జంతువు. అక్కడి జనం వేల ఏళ్ళనాడే దీన్ని మచ్చిక చేసుకున్నారు, ఆహారానికి. దాని అరుపుని బట్టే పెరూలో "కూయ్" అంటారట. మనం "కుయ్యిమనడం" అంటామే, అదే మాట! మా బొబ్బట్టు కూడా ఫ్రిజ్ తలుపు చప్పుడు వినిపిస్తే చాలు, కొత్తిమీర కోసం ఇల్లెగిరిపోయేలా కుయ్యిమనేది.

అమ్మాయికి హైదరాబాదులో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. వెళ్ళేముందు నా చేతికో నోటుబుక్కు ఇచ్చింది. "నాన్నా, ప్రతి ఆదివారం దీన్ని తూకం వెయ్యాలి. కడుపు, మెడ, వీపు వేళ్ళతో తడిమి చూడాలి. ఇందులో రాయాలి" అంది. మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోలు ఉద్యోగం చేసే తండ్రికి ఆ మాత్రం చెప్పాలా! సరేనన్నాను.

కాని నా మనసులో ఒక మెలిక ఉంది. అది అమ్మాయికి ఎప్పుడూ చెప్పలేదు.

1990 ప్రాంతాల్లో మన కాలేజీ ఫార్మకాలజీ లేబొరేటరీలో ప్రాక్టికల్స్ చేసినవాళ్ళకి గినీపిగ్గు అంటే ఏమిటో తెలుసు. రెండు, మూడు సెంటీమీటర్ల పేగు ముక్క! గాజు గొట్టంలో టైరోడ్ ద్రావణం, దాంట్లో దారానికి వేలాడే ఆ ముక్క, కింద నుంచి బుడగలు బుడగలుగా గాలి. హిస్టమిన్ చుక్క పడగానే పేగు ముడుచుకునేది. దానికి కట్టిన పుల్ల పైకి లేచి, మసి పట్టించిన కాగితం మీద తెల్లటి గీత గీసేది. మోతాదు పెంచితే గీత పెరిగేది. మెట్లు మెట్లుగా అందంగా వచ్చిన గీతలకి మంచి మార్కులు. అటెండరు లోపలి గదిలోంచి జంతువును ఎలా తెచ్చేవాడో, పేగు మా బల్ల మీదికి వచ్చేలోపు ఏం జరిగేదో మేం అడగలేదు. ఆ ముక్క కుయ్యిమనేదని నాకు నలభై తొమ్మిదో ఏట, అమ్మాయి అట్టపెట్టె తెచ్చినప్పుడు గాని తెలియలేదు.

కిందటేడు అక్టోబరులో ఒక ఆదివారం, అయిదేళ్ళ బొబ్బట్టుని ఒళ్ళో వేసుకుని తడుముతుంటే, కింద పొట్ట దగ్గర, చనుమొన పక్కన శనగగింజంత గట్టిది తగిలింది. గినీపిగ్గుకి రెండే చనుమొనలుంటాయి. రెండో పక్క తడిమాను. ఏమీ లేదు. బరువు చూస్తే ముప్ఫై గ్రాములు తగ్గింది. 930. తిండికి లోటు లేదు, హుషారుకి లోటు లేదు. "కొవ్వు గడ్డయి ఉంటుంది" అనుకున్నాను. అలా అనుకోవడం తేలిక. రెండు వారాల్లో శనగగింజ ఉసిరికాయంత అయింది.

పశువుల ఆస్పత్రిలో ఆవులు, కుక్కల మధ్య వరసలో నేను అట్టపెట్టెతో నిలబడ్డాను. డాక్టరుగారు నెమ్మదస్తుడు. సూది పెట్టి గడ్డలోంచి నమూనా తీశారు, ఎక్స్‌రే తీయించారు. "గినీపిగ్గుల్లో వీపు మీద వచ్చే గడ్డలు చాలావరకు సాధువులేనండి. కోసి తీసేస్తే సరిపోతుంది. రొమ్ము గడ్డల్లో కూడా మంచివి ఉంటాయి. కాని ఇది కేన్సరు. ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపిస్తున్నాయి. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే దానికి నొప్పి తప్ప లాభం ఉండదు. ఇంట్లో సుఖంగా చూసుకోండి" అన్నారు.

దారిలో ఆటోలో కూర్చుని ఒక సంగతి గుర్తుచేసుకున్నాను. 1953లో న్యూయార్కులో కిడ్ అనే శాస్త్రజ్ఞుడు, లింఫోమా గడ్డలున్న ఎలుకలకి గినీపిగ్గు రక్తంలోని సీరం ఎక్కిస్తే గడ్డలు కరిగిపోవడం గమనించాడు. ఆ సీరంలో పనిచేసేది ఆస్పరజినేజ్ అనే ఎంజైమని 1961లో బ్రూమ్ గుర్తించాడు. పసిపిల్లలకి వచ్చే రక్తకేన్సరుకి ఈనాటికీ వాడే మందుల్లో అదొకటి. ఇప్పుడు బాక్టీరియా నుంచి తీస్తున్నారు గాని, దారి చూపింది గినీపిగ్గు రక్తం. ఎక్కడెక్కడి పిల్లల్నో బతికించిన జాతి! నా ఒళ్ళోని పెట్టెలో ఉన్నదానికి ఇవ్వడానికి మాత్రం నొప్పి తగ్గించే చుక్కలు తప్ప మా దగ్గరేమీ లేదు.

ఆ రాత్రి మా ఆవిడ తీర్మానించింది. "పిల్లకి పరీక్షలు. అయ్యేదాకా ఒక్క మాట చెప్పకండి." మన ఇళ్ళలో ఇది కొత్తా? తాతగారు పోయిన సంగతి కూడా పరీక్షలయ్యాకే చెప్పిన వంశం మాది.

ఇక సేవ మొదలయింది. గినీపిగ్గు మనలాగే విటమిన్ సి సొంతంగా తయారుచేసుకోలేదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిష్ అనేవాళ్ళు స్కర్వీ రహస్యం పట్టుకోవడానికి దారి దొరికింది అందువల్లే. మామూలు రోజుల్లో కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, జబ్బులో ఇంకా ఎక్కువ. ఆ మాత్ర పొడిచేసి ఇచ్చేవాణ్ణి. పొద్దున్నే వాకిట్లో గరిక కోసేవాణ్ణి. వినాయకుడి తర్వాత గరికకి అంత మర్యాద జరిగింది మా ఇంట్లోనేనేమో! కాప్సికం, కొత్తిమీర సన్నగా తరిగేవాణ్ణి. చెక్కపొట్టు గుచ్చుకుంటుందని తీసేసి, పాత నూలు చీరలు మడతలు వేసి పరిచాం. గడ్డ నేలకి రాసుకుని చర్మం చిట్లినచోట ఉప్పునీళ్ళతో తుడిచేవాళ్ళం.

ఒకరోజు ఆ పుండు కాస్త చీము పట్టింది. ఆదివారం, ఆస్పత్రి మూత. మందుల షాపుకి వెళ్తే కుర్రాడు అమోక్సిసిలిన్ సిరప్ తీసి చేతిలో పెట్టాడు. "పసిపిల్లలకిచ్చేదే సార్, ఏం కాదు" అన్నాడు. చదివిన చదువు అక్కడ పనికొచ్చింది. పెన్సిలిన్ జాతి మందులు గినీపిగ్గు పేగుల్లోని మంచి క్రిముల్ని చంపేస్తాయి. చెడ్డవి విజృంభించి జంతువు చచ్చిపోతుంది. 1940 మే నెలలో ఫ్లోరీ బృందం పెన్సిలిన్‌ని మొదట పరీక్షించింది ఎనిమిది చిట్టెలుకల మీద. ఎలుకలకి బదులు గినీపిగ్గులని తీసుకుని ఉంటే ఆ మందుని విషమని అవతల పారేసేవారేమో! సీసా వెనక్కి ఇచ్చేసి, మర్నాడు డాక్టరుగారు రాసిన వేరే మందు తెచ్చాను.

నవంబరు రెండో వారానికి తిండి తగ్గింది. ఈ జంతువు పూటపూటా తింటూనే ఉండాలి. పేగు ఆగిందంటే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. గడ్డి మేత బిళ్ళల్ని నానబెట్టి, మెత్తగా జావ చేసి, సూదిలేని సిరంజితో నోటి పక్కనుంచి కొంచెం కొంచెంగా పట్టాలి. మూడు, నాలుగు గంటలకోసారి. తొందరపడితే పొరబోతుంది. రాత్రి రెండు గంటలకి అలారం. మూడో రాత్రి నాకు మెలకువ రాలేదు. ఉలిక్కిపడి లేచి వెళ్తే, మా ఆవిడ గదిలో నేలమీద కూర్చుని, తువ్వాల్లో చుట్టిన బొబ్బట్టుని గుండెకి ఆనించుకుని, "ఒక్క గుక్క, నా తల్లి కదూ" అంటోంది. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చి పడుకున్నాను. ఆ రోజు నుంచి రెండు గంటల డ్యూటీ ఆవిడదే.

రోజూ తొమ్మిదింటికి అమ్మాయి ఫోను. "బొబ్బట్టు ఎలా ఉంది?" "తింటోందమ్మా." అబద్ధం కాదు కదా! సిరంజితో అని అనలేదు, అంతే. "అరుస్తోందా?" "ఇందాకే పడుకుంది." అలా మూడు వారాలు నడిపాను.

ఒకరోజు అడిగింది. "నాన్నా, ఈ ఆదివారం బరువెంత?"

నోటుబుక్కు ఎదురుగానే ఉంది. 930, 880, 790, 700, 640. నోట్లోంచి "తొమ్మిది వందల..." దాకా వచ్చింది. ఆ తర్వాత రాలేదు. మాటల్లో ఎన్ని సర్దుబాట్లు చేశానో! కాని చూసిన అంకెని మార్చి చెప్పకూడదని ఈ కాలేజీలో నాలుగేళ్ళు నేర్పారు. ఉద్యోగంలో ముప్ఫై ఏళ్ళు అదే పని.

"ఆరు వందల నలభై."

అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత "ఎప్పటినుంచి?" అంది. చెప్పాను. "నాకెందుకు చెప్పలేదు? పరీక్షలనా? నాన్నా, నేను చిన్నపిల్లని కాదు. అది నాది" అంది. నా దగ్గర జవాబు లేదు. శనివారం తెల్లవారుజామున రైలు దిగింది. సోమవారం ఆఖరి పరీక్ష పెట్టుకునే వచ్చింది.

దాన్ని ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు చూసింది. వీపు గూనిలా ముడుచుకుని ఉంది. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కళ్ళు సగం మూత. పళ్ళు కొరుకుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. గినీపిగ్గు వేటకి దొరికే జాతిది. రోగం బయటపడితే శత్రువు పట్టుకుంటాడని పుట్టుకతోనే దాచుకుంటుంది. దాచుకోలేని స్థితి వచ్చిందంటే బాధ ఎంత ఉండాలి! ఇవన్నీ నేను పది రోజులుగా చూస్తూనే ఉన్నాను. నోటుబుక్కులో మాత్రం బరువొక్కటే రాశాను.

"నాన్నా, ఇంకా ఎందుకు తినిపిస్తున్నావు? దానికోసమా, మనకోసమా?" అంది.

మాట్లాడలేకపోయాను. మధ్యాహ్నం ముగ్గురం కలిసి ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరుగారు కాగితం ఇచ్చారు, సంతకానికి. కాలేజీలో ఒక్కసారీ ఏ కాగితం మీదా సంతకం పెట్టనక్కర్లేకపోయింది. ఈ ఒక్కదానికి చెయ్యి వణికింది. అమ్మాయి కలం తీసుకుని తనే పెట్టింది. ముందు మత్తు సూది. అది అమ్మాయి ఒళ్ళోనే తల వాల్చింది. చాలా రోజుల తర్వాత వీపు సాఫీగా చాపుకుంది. తర్వాత రెండో సూది. పెరట్లో కరివేపాకు చెట్టు కింద పాత చీర ముక్కలో చుట్టి పెట్టాం. ఆ చీర మా ఆవిడే ఇచ్చింది. పాతది కాదు.

అమ్మాయి రాత్రి రైలుకే వెళ్ళి పరీక్ష రాసింది. బాగానే రాసింది. ఆ సంగతి మాత్రం వాళ్ళమ్మకీ నాకూ ఒక పాఠం.

మొన్న అటకమీద నా పాత ప్రాక్టికల్ రికార్డు దొరికింది. చక్కటి గీతలు, ఎర్ర సిరాతో మార్కులు. ప్రతి ప్రయోగానికీ జంతువు జాతి రాశాను. అది ఎలా ఉందో, నొప్పి పడిందో లేదో రాయడానికి గడి లేదు, ఉండాలని నాకు తోచనూ లేదు. ఇప్పుడు చాలా కాలేజీల్లో ఆ ప్రయోగాలు కంప్యూటరు తెరమీదే చేయిస్తున్నారు. సంతోషం. పాతరోజులే గొప్పవని వాదించే వయసు వచ్చింది గాని, ఈ విషయంలో వాదించను. ఆ ప్రయోగాల వల్ల ఎంత జ్ఞానం వచ్చిందో తెలిసినవాణ్ణి కనుక అవి దండగ అని కూడా అనను. బాకీ ఉందని మాత్రం అంటాను.

ఇంట్లో చిన్న ప్రాణిని పెంచుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక్క మాట. వారానికోసారి తూకం వెయ్యండి. వేళ్ళతో తడిమి చూడండి. శనగగింజంత ఉన్నప్పుడే డాక్టరుకి చూపించండి, నాలాగా రెండు వారాలు ఆలస్యం చెయ్యకండి. బరువుతోపాటు బాధ కూడా రాయండి. ఇంట్లోవాళ్ళ దగ్గర దాచకండి.

ఇప్పటికీ ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా మా ఆవిడ ఒక్క క్షణం ఆగుతుంది. నేనూ ఆగుతాను. ఏమీ వినిపించదు. కొత్తిమీర కట్ట తీసుకుని తలుపు వేసేస్తాం.