మంచె మీది బర్మార్

దసరా సెలవులకు అందరం ఇండ్లకు పోతున్నాం గదా. పోయే ముందు నా మాట ఒకటి చదవండి.

మా మక్క చేను నందిపేట్ అవతల గోదావరి దిక్కు ఉంది. రాత్రయితే అడవి పందులు వచ్చి చేను పాడు చేస్తాయి. అందుకని మా చిన్నాయిన ఎక్కడి నుండో బర్మార్, అంటే నాటు తుపాకి తెచ్చాడు. గొట్టంలో తుపాకి మందు, ఇనుప ముక్కలు దట్టించి మంచె మీద గడ్డి కింద పెట్టేవాడు. నేను చూశాను. ఒకసారి చేతిలో పట్టుకొని గురి కూడా పెట్టాను. ఎవ్వరికీ చెప్పలేదు.

రెండేండ్ల కింద సెలవుల్లోనే మా తమ్ముడు పోలీసు ఆట అని దాని గొట్టం పట్టి గుంజిండు. పేలింది. ఎడమ చేతి వేళ్లు రెండు పోయినయి. బాపు గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకున్నాడు. 108లో నిజామాబాద్ తీసుకపోయినం. చిన్నాయిన మీద కేసు అయింది. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం.

ఇప్పటికీ తమ్ముడు అంగీ గుండీలు పెట్టమని నా దగ్గరికే వస్తాడు.

ఇది మన దగ్గరి సంగతే కాదు. 2020లో అమెరికాలో 1 నుండి 19 ఏండ్ల వాళ్ల మరణాలకు తుపాకులే మొదటి కారణమని మా సారు చెప్పారు.

తుపాకి గాని, పందులకు పెట్టే నాటు బాంబు గాని కనబడితే ముట్టవద్దు. ఖాళీదే అని ఎవరు చెప్పినా నమ్మవద్దు. చిన్నపిల్లలను తీసుకొని దూరం పోయి పెద్దవాళ్లకు చెప్పాలి. లైసెన్సు ఉన్నవాళ్లు కూడా తుపాకి ఖాళీ చేసి, మందు వేరేచోట తాళం వేసి పెట్టాలి.

చెప్తే చిన్నాయిన తిడతాడని నేను ఊరుకున్నాను. మీరు ఊరుకోవద్దు.

ఇట్లు,
8వ తరగతి విద్యార్థి