అరకిలో తేలిక

ఆదివారం వస్తే మా లేత్ షాపుకు సెలవు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఆ ఒక్కరోజే కాస్త చప్పుడు తగ్గుతుంది. అమెరికాలో ఉన్న మావాడు ఫోన్ చేసేది కూడా ఆ రోజే. వాడుండేది కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో. ఎప్పుడూ అవే మాటలు. బీపీ గోలీలు వేసుకుంటున్నావా, నల్లా నీళ్లొస్తున్నాయా, షాపు ఎప్పుడు మూసేస్తావు అని. పోయిన ఎండాకాలంలో ఒక ఆదివారం మాత్రం కొత్త మాట ఎత్తాడు.

"నాన్నా, తుపాకీ కొంటున్న. గుట్టలెక్కి వేటాడెటందుకు. తేలికది కావాలె. నువ్వు నలభై ఏండ్లు ఇనుముతోని పనిచేసినవు గద, ఏది మంచిదో చెప్పు."

స్పీకర్ ఆన్‌లో ఉంది. వంటింట్లోంచి వాళ్లమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. "వాడు నౌకరికి పోయిండా, అడివికి పోయిండా?" అంది నావైపు చూసి, ఆ తుపాకీ నేనే కొనిచ్చినట్టు.

నిజానికి మన దగ్గర ఈ ప్రశ్నే పుట్టదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు తీసుకుని సరదాగా వేటాడే దారి కూడా మూతపడింది. మూతపడడమే మంచిదైంది. కొలరాడో సంగతి వేరు. అక్కడ ఎల్క్ అనే పెద్ద దుప్పి జాతి మృగాలు అమెరికాలో మరే రాష్ట్రంలోనూ లేనన్ని ఉన్నాయి. మన కణుజు కంటే పెద్దవి. ఏ కొండల్లో ఎన్నింటిని వేటాడవచ్చో ఏటా ప్రభుత్వమే లెక్కకట్టి అనుమతులిస్తుంది. చాలాచోట్ల లాటరీ తీస్తారు. వేటగాడు ముందుగా క్లాసులకు పోయి పరీక్ష పాసవ్వాలి. కొట్టిన జంతువు మాంసాన్ని అడవిలో వదిలేసి వస్తే కేసు. మావాడికి ఆ లాటరీలో ఒక ఆడ ఎల్క్‌కు అనుమతి వచ్చింది. సీజన్ అక్టోబరులో.

తుపాకీ అనగానే నాకు మా బాపు గుర్తొచ్చాడు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు మావాడి బాధ చూడండి.

డెన్వర్ ఊరే సముద్ర మట్టానికి 1,609 మీటర్ల ఎత్తున ఉంది. మన తూర్పు కనుమల్లో పెద్దదని చెప్పుకునే అర్మ కొండ ఎత్తు 1,680. అంటే మన కొండ శిఖరం ఎక్కడో వాళ్ల బస్టాండు ఇంచుమించు అక్కడే. ఎల్క్ తిరిగేది ఇంకా పైన, మూడు వేల మీటర్ల దగ్గర. ఆ పలచటి గాలిలో పొద్దంతా ఎక్కుతూ దిగుతూ ఉంటే చేతిలో ఉన్న ప్రతి వంద గ్రాములూ పగబడతాయి. అందుకే కొండ వేటగాళ్ల కోసం కంపెనీలు ప్రత్యేకంగా తేలిక రైఫిళ్లు చేస్తాయి. గొట్టం సన్నగా తీస్తారు, దానిపైన పొడుగునా గాడులు కొడతారు. ఉక్కు ఉన్నచోట టైటానియం, చెక్క ఉన్నచోట కార్బన్ ఫైబర్ పెడతారు. కింబర్ కంపెనీ మౌంటెన్ అసెంట్ అనే మోడల్ .308లో, టెలిస్కోప్ లేకుండా, రెండు కిలోల రెండు వందల గ్రాముల లోపే తూగుతుంది. మామూలు వేట రైఫిల్ మూడున్నర కిలోలకు అటూ ఇటూ ఉంటుంది.

ఇవన్నీ బోల్ట్ యాక్షన్ రకం. పేరు చూసి భయపడనక్కర్లేదు, మన పాత తలుపు గడియే. పిడి పైకెత్తి వెనక్కి లాగితే కాలిన తూటా గుల్ల బయట పడుతుంది. ముందుకు తోసి కిందికి దించితే కొత్త తూటా గొట్టంలోకి పోయి గడియ పడుతుంది. జర్మనీలో పాల్ మౌజర్ 1898లో కుదిర్చిన పద్ధతినే లోకమంతా ఇవాళ్టికీ అటూ ఇటూ మార్చి వాడుకుంటోంది. భాగాలు తక్కువ, మంచులోనూ మట్టిలోనూ మొరాయించడం తక్కువ. అందుకే కొండకు ఇదే నయం.

"మరి రెండు కిలోలదే కొంట. పైసలు జర ఎక్కువైనా సరే" అన్నాడు మావాడు.

"ఆగు, ఒక వారం టైమియ్యి" అన్నాను.

తుపాకులు చేయడం నా పని కాదు. అలాంటి జాబు ఎవరైనా తెస్తే మొదట పోలీసులకు చెప్పేది నేనే. కానీ రైఫిల్ గొట్టమంటే నడిమధ్యన పొడుగు రంధ్రం తీసిన ఉక్కు కడ్డీ. కడ్డీ గుణం నాకు తెలుసు. లేత్ మీద సన్నటి పొడుగు రాడ్ బిగించి టూల్ ఆనిస్తే అది వణుకుతుంది. పనిమీద అలలు అలలుగా గీతలు పడతాయి. లావు రాడ్ అయితే గమ్మున తిరుగుతుంది. తూటా పేలినప్పుడు గొట్టం కూడా అలాగే కొట్టుకుంటుంది. సన్నదైతే తొందరగా వేడెక్కుతుంది, నాలుగైదు తూటాలు వరసగా కాలిస్తే గురి కాస్త జరిగే అవకాశమూ ఎక్కువ. వేటలో మొదటి తూటాయే ముఖ్యం కాబట్టి ఇది పెద్ద లోపం కాదు. అసలు చిక్కు భుజానికి.

తూటా ముందుకు పోతే తుపాకీ వెనక్కి తంతుంది. ఆ తన్ను బలం తుపాకీ బరువు తగ్గినకొద్దీ పెరుగుతుంది. అదే తూటాను నాలుగు కిలోల తుపాకీలోంచి కాకుండా మూడు కిలోల దానిలోంచి కాలిస్తే భుజానికి తగిలే శక్తి మూడో వంతు ఎక్కువ. రెండు కిలోలదైతే రెట్టింపు. తన్నుడు తిన్న మనిషి రెండోసారి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకుంటాడు, భుజం బిగపడతాడు. గురి అక్కడే పోతుంది.

ఇంకో సంగతి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ గగన్ నారంగ్ ఆడిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో తుపాకీ అయిదున్నర కిలోల దాకా ఉండొచ్చు. చిన్న సీసపు గుండు కోసం అంత బరువెందుకు? బరువున్నది కదలదు కాబట్టి.

ఇదంతా కాగితం లెక్క. చేతికి తెలియాలి కదా. మరుసటి ఆదివారం పొద్దున్నే మౌలాలి గుట్టకు పోయాను. మల్లాపూర్ మీదుగా పోతే మా ఇంటికి దగ్గరే. సంచిలో కిలోన్నర ఇనుప రాడ్, చేతిలో గొడుగు. నా వయసుకు ఆ మెట్లే హిమాలయాలు. పైకెక్కి, నిలబడిన పాటున గొడుగు భుజానికి ఆనించి, దూరంగా ఒక డాబా మీది నీళ్ల ట్యాంకు వైపు పెట్టాను. గొడుగు మొన ట్యాంకు మీద ఆగితే ఒట్టు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగిరి పక్క డాబా మీద పడుతోంది. రాడ్‌ను గొడుక్కు కట్టి చూస్తే కొంచెం కుదురుగా నిలిచింది. కూర్చుని, మోకాలి మీద మోచెయ్యి ఆనించి, రెండు నిమిషాలు ఊపిరి పీల్చుకున్నాక రాడ్ ఉన్నా లేకపోయినా ఆగింది. దర్గాకు వచ్చినాయన ఒకరు నన్నూ గొడుగునూ చూసి, "క్యా హువా చాచా, తబియత్ ఠీక్ హై?" అని అడిగి నీళ్లిచ్చాడు.

అక్కడ కూర్చున్నప్పుడే బాపు సంగతి మొత్తం కళ్లముందుకొచ్చింది.

మాది జన్నారం వైపు, పాత ఆదిలాబాద్ జిల్లా. 1969లో నాకు పదేళ్లు. పంట కాపలాకని బాపు దగ్గర లైసెన్సు ఉన్న భర్మార్ తుపాకీ ఉండేది. మందు, గుండ్లు గొట్టం మూతిలోంచి పోసి కడ్డీతో కూరాలి. ఒకటి కాల్చాక రెండోది కాల్చడానికి బీడీ తాగేంత సేపు పట్టేది. ఒకరోజు తెల్లవారుజామున జొన్నచేలో కణుజు పడింది. బాపు దాని వెంట గుట్ట మీదికి ఉరికాడు. వెనక నేను, మెడలో ఆనపకాయ బుర్రతో. పైన అది ఒక్క క్షణం ఆగి వెనక్కి చూసింది. బాపు రొప్పుతూనే కాల్చాడు. అది కూలబడి, లేచి, ఒక కాలు ఈడ్చుకుంటూ పొదల్లోకి పోయింది.

మూడు రోజులు వెతికాం. మొదటి రోజు రాళ్ల మీద నెత్తురు కనిపించింది. రెండో రోజు అదీ లేదు. మూడో రోజు ఆకాశంలో రాబందులు తిరుగుతుంటే వాటి కిందికి పోయాం. ఒక వాగు పక్కన ఉంది. నీళ్లకోసం అక్కడిదాకా వచ్చినట్టుంది. బాపు దాని పక్కన చాలాసేపు కూర్చున్నాడు. "దమ్ము ఆగకముందే కొట్టిన బిడ్డా. తప్పు దానిది గాదు, నాది" అన్నాడు. ఆ వారమే తుపాకీని ఠాణాలో అప్పగించి వచ్చాడు. తర్వాత పందులు పడ్డా డప్పు కొట్టి తరిమేవాడు తప్ప తుపాకీ ముట్టలేదు.

ఈ కథ మావాడికి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు ఫోన్‌లో చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు.

తర్వాత ఇద్దరం కలిసి లెక్క వేశాం. బరువంటే ఉత్త తుపాకీ బరువు కాదు. టెలిస్కోప్, దాన్ని పట్టే రింగులు, భుజానికి పట్టీ, తూటాలు అన్నీ కలిపి తూచాలి. రెండు కిలోల తుపాకీ కొని దానిమీద ముప్పావు కిలో టెలిస్కోప్ పెడితే లాభం సగం పోయినట్టే, పైబరువుతో తల తిరుగుడు అదనం. మొత్తం కలిపి మూడున్నర కిలోల దగ్గర ఆపితే మోయడానికీ పనికొస్తుంది, నిలపడానికీ పనికొస్తుంది అనుకున్నాం. ఫిన్లాండ్‌లో చేసే టిక్కా టీ3ఎక్స్ లైట్ ఉత్తది 2.9 కిలోలుంటుంది. దానిమీద మూడు వందల యాభై గ్రాముల టెలిస్కోప్. అదే ఖాయం చేశాం.

ఇక తూటా. దుకాణాల్లో .30-06 ఇమ్మనేవాళ్లే ఎక్కువ. 1906 నాటి అమెరికా సైన్యం తూటా, బలమైనదే. కానీ తేలిక తుపాకీలో బాగా తంతుంది. మేము 7ఎంఎం-08 తీసుకున్నాం. దాని తన్ను .30-06 తన్నులో సుమారు మూడింట రెండొంతులు. కొలరాడో చట్టం ఎల్క్‌కు అడిగే కనీస బలం కంటే బాగా పైనే ఉంటుంది. మూడు వందల గజాల లోపైతే చాలు. దానికి పెద్ద వంశమే ఉంది. జిమ్ కార్బెట్‌కు 1907లో చంపావత్ పులిని చంపినందుకు బహుమతిగా వచ్చిన .275 రిగ్బీ కూడా ఈ ఏడు మిల్లీమీటర్ల తూటాదే, మౌజర్ గడియదే. కుమావూ కొండల్లో ఆయన మైళ్లకొద్దీ నడిచింది అలాంటి తేలిక రైఫిల్‌తోనే.

అయినా మావాడికి అసలు మాట చివర చెప్పాను. "అరకిలో తగ్గించెటందుకు వెయ్యి డాలర్లు పెడుతున్నవు. నీ పొట్టల అయిదు కిలోలు తగ్గిస్తే పైస ఖర్చు లేదు. ఆ పైసలతోని తూటాలు కొని ప్రాక్టీస్ చెయ్యి. టేబుల్ మీద పెట్టి గాదు, ఉరికి వచ్చి, కూసొని, దమ్ము ఆపుకొని కొట్టు."

చేశాడు. వేసవంతా వారానికోసారి రేంజ్‌కు పోయాడు. ఎత్తుపల్లాల లెక్క కూడా నేర్చుకున్నాడు. నలభై అయిదు డిగ్రీల వాలులో మూడు వందల మీటర్ల దూరంలో ఉన్న జంతువుకు తూటా దిగుడును 212 మీటర్లకే లెక్కించాలి, లేకపోతే పైనుంచి పోతుంది. ఏడు కిలోలు తగ్గాడు కూడా. వాళ్లమ్మ ఫొటో చూసి తిండి లేదా అని ఏడ్చింది.

అక్టోబరులో నాలుగు రోజులు ఫోన్ లేదు. అయిదో రోజు చేశాడు.

మొదటి రోజే ఎల్క్ కనిపించిందట, లోయకు అవతల. వాడు అప్పుడే గుట్టెక్కి రొప్పుతున్నాడు. తుపాకీ ఎత్తాడు, టెలిస్కోప్‌లో అది ఆడుతోంది. దించేశాడు. దమ్ము ఆగేసరికి అది చెట్లలోకి పోయింది. మూడో రోజు పొద్దున నూట యాభై గజాల్లో మరోటి. అప్పటికి వాడు గంటసేపటి నుంచి కూర్చునే ఉన్నాడు. ఒక్క తూటా. ఇరవై అడుగులు నడిచి పడిపోయింది. దగ్గరికి పోయి దానిమీద చెయ్యి వేసి కూర్చున్నానని చెప్పాడు. సంతోషంగా ఉందా అని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

"మాంసం కారు దాకా తెచ్చెటందుకు నేనూ దోస్తూ రెండేసి సార్లు తిరిగినం నాన్నా. ఒక్కో సారి ముప్పై కిలోల మూట. భుజాలు పడిపోయినయి. తుపాకీ బరువు మాత్రం యాదికే రాలె."

వాళ్లమ్మ ఫోన్ లాక్కుని, కొత్తిమీర వేసినవా, ఎంతసేపు ఉడికించినవు అని అడగడం మొదలుపెట్టింది. పది నిమిషాలకు ఫోన్ మళ్లీ నా చేతికొచ్చింది.

"నాన్నా, తాత ఆ కణుజును ఎన్ని రోజులు వెతికిండు అన్నవు?"

"మూడు రోజులు."

"నాది పడ్డకాడికి పోయెటందుకు అయిదు నిమిషాలు పట్టింది" అన్నాడు.

బాపు ఉంటే ఈ మాట చెప్పేవాణ్ని.