మామయ్య, లాడ్జి, ఒక ఒట్టు

"లాడ్జిలో చేరమంటున్నార్రా" అని మొన్న మామయ్య ఫోన్ చేస్తే, బస్టాండు పక్క లాడ్జి గుర్తొచ్చి కంగారుపడ్డాను. తీరా చూస్తే అది ఫ్రీమేసన్ల లాడ్జి. మన హైదరాబాద్ గోషామహల్ బారాదరిలో ఉందే, అలాంటిది. మాది క్యాథలిక్ కుటుంబం. చేరొచ్చా అని ఆయన సందేహం.

మేసన్లు సైతానుని పూజిస్తారన్న ఫార్వర్డులు నేను నమ్మను. 1723లో వాళ్ళ నియమావళి రాసిన జేమ్స్ ఆండర్సన్ స్వయానా ప్రెస్బిటేరియన్ పాస్టరు. సదరన్ బాప్టిస్టులైతే 1993లో ఎవరి మనస్సాక్షికి వాళ్ళకే వదిలేశారు. కానీ పోపులు 1738 నుంచీ వద్దంటూనే ఉన్నారు. చేరినవాళ్ళు దివ్యసత్ప్రసాదం తీసుకోకూడదని 1983లో రోమ్ చెప్పింది, నిషేధం అలాగే ఉందని 2023లో ఇంకోసారి గుర్తుచేసింది.

నాకు గుచ్చుకునేది ఆ ఒట్టు. అక్కడ దేవుడంటే 'విశ్వ మహాశిల్పి'. ఏ మతంవాడు తన దేవుణ్ణి అందులో చూసుకోవచ్చు. నలుగురూ కలిసి కూర్చోడానికి బానే ఉంటుంది. కానీ క్రీస్తు పేరు పక్కనపెట్టి, బైబిల్ మీద చెయ్యేసి, ముందుగా పూర్తిగా తెలియనివాటిని దాస్తానని ఒట్టా? చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కడం మనకలవాటే. దేవుడి ముందు కూడానా?

అదే చెప్పాను. మామయ్య కాసేపు మాట్లాడలేదు. "రిటైరయ్యాక నన్ను పిలిచింది వాళ్ళేరా. చర్చిలో ఇన్నేళ్ళుగా వెనక బెంచీలో కూర్చుంటున్నా, ఒక్కళ్ళూ పలకరించలేదు" అన్నారు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. వచ్చే శనివారం రాత్రి బస్సుకి టికెట్ మాత్రం బుక్ చేశాను. ఆదివారం ఆ వెనక బెంచీలో ఇద్దరం ఉంటాం.